సమస్య: “రెండు చేతులు కుడివిగా నుండెఁ గనుఁడు”

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదట యతి, అంటే ఆ అక్షరానికి పాదం మొదటి అక్షరంతో మైత్రి. సమస్యలో లాగా (రెండు–నుండె) ఆ రెండుచోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి అయినా సరే. మనిషికి రెండు కుడిచేతులు అసంభవం. ఎడమచేతి ప్రస్తావనతో ఆ అసంభవాన్ని పోగొట్టండి.

పూరణ 1

సవ్యసాచి నాఁ బేరేల జగతి నీకు
ననిన నుత్తరునకుఁ జెప్పె నరుఁడు తెలియ
గాండివపు నారి యెడమచేఁ గడఁకఁ దివియ
రెండు చేతులు కుడివిగా నుండెఁ గనుఁడు

– విరాటపర్వంలో అర్జునుడు అన్నదే ఇది: “ఉభౌ మే దక్షిణౌ పాణీ గాండీవస్య వికర్షణే”. సమస్యకు ఇంతకంటే దగ్గరి ఆధారం దొరకదు. ఒక్క చిక్కు: ఉత్తరుడు ఒక్కడే, ‘కనుఁడు’ బహువచనం. ‘తెలియ’ దగ్గర సంభాషణ ముగించి, తర్వాతిది కవి మాటగా చదివితేనే అన్వయం కుదురుతుంది.

– సంస్కృతంలో ‘సవ్యం’ అంటే ఎడమ. తెలుగులో ‘సవ్యంగా చెయ్యి’ అంటే సరిగ్గా చెయ్యమని! ఈ మలుపును పద్యంలోకి తెచ్చి ఉంటే ఇంకా పండేది.

పూరణ 2

బొమ్మ గీయుచు నెడమచే బొటనవేలు
తప్పు దిక్కున నిల్పినఁ దత్క్షణంబె
చూచువారల కనులకుఁ జోద్య మొదవ
రెండు చేతులు కుడివిగా నుండెఁ గనుఁడు

– చక్కని ఊహ, యతులన్నీ నిర్దుష్టం. అయితే ‘తప్పు దిక్కు’ ఏదో తేలలేదు. వేళ్ళు పైకి ఉండి అరచేయి మనవైపు తిరిగితే కుడిచేతి బొటనవేలు మనకు కుడిపక్కన ఉంటుంది. చేతి వెనకభాగం కనిపిస్తే ఎడమపక్కన. అరచేయి అన్న మాట పడితే బొమ్మ కళ్ళకు కట్టేది.

పూరణ 3

ఎడమవాటపుఁ గత్తెర యొకటి దొరక
బట్ట మడఁగక గీటునఁ బారి తెగఁగ
నేర్పు లోపము కాదని నిజము తెలిసె
రెండు చేతులు కుడివిగా నుండెఁ గనుఁడు

– మొదటి పాదంలో యతిభంగం: ఎ–ఒ చెల్లవు. ‘కత్తెర యిచ్చి చూడ’ అంటే ఎ–ఇ మైత్రి దక్కుతుంది.

– భావంలో నాకు ఇదే మిన్న. కుడివాటపు కత్తెరను కుడిచేత్తో ఆడిస్తే, బొటనవేలి నెట్టు, మిగతా వేళ్ళ లాగు కలిసి రెండు బ్లేడులనూ ఒకదానికొకటి ఒత్తుతాయి. ఎడమచేత్తో అదే నెట్టు వాటిని విడదీస్తుంది. బట్ట తెగక మధ్యలో మడత పడుతుంది. పై బ్లేడు గీటును కూడా కప్పేస్తుంది. పిడులు మారిస్తే చాలదు, బ్లేడుల అమరికే తిరగబడాలి. ‘మడఁగక’, ‘గీటున’ అన్న రెండు మాటలూ ఆ రెండు దోషాలకే తగిలాయి.

– ఒకటి, మూడు పూరణల్లో ఎడమచేతిని మెచ్చుకోవాలంటే దాన్ని ‘కుడి’ అనాల్సి వచ్చింది. ‘దక్షిణ’కు నేర్పు, ‘వామ’కు వక్రత అంటగట్టిన నిఘంటువే ‘వామ’కు అందం అన్న అర్థమూ ఇచ్చింది. దాన్ని ఎవరూ అందుకోలేదు. వచ్చేసారికి ఈ పాదం ఇద్దాం: “ఎడమ వాటమె మేలని యెఱుఁగు బుధుఁడు”.