శెనక్కాయ చేను కాపలాలో జరిగిన తమాషాలు చెప్పండి

కళ్యాణదుర్గం కుర్రోడు:
ఊడలు దిగి కాయ ఊరుతోంది, మా ఊళ్లో మళ్లీ రాత్రి కాపలాలు మొదలయ్యాయి. అడవి పందులు గుంపుగా దిగితే ఒక్క రాత్రిలో చేను తవ్వి పోస్తాయి. పోయినేడు మా చిన్నాయన చేను చుట్టూ తాడు కట్టి, ఖాళీ డబ్బాలు వేలాడదీసి, తాడు కొస కాలి బొటనవేలికి కట్టుకుని పడుకునేవాడు. నేనూ మా పెదనాయన కొడుకూ గట్టు వెనక నక్కి తాడు లాగాం. ఆయన కంబళితో సహా లేచి, పళ్లెం మీద గరిటెతో కొడుతూ "హూయ్ హూయ్" అని చేనంతా పరిగెత్తాడు. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి మేం పోలేదు, తాడు మాత్రం కదిలిందంట. కళ్లు కూడా తెరవకుండా "ఇంటికి పోండ్రా నాయనా" అని అటు తిరిగి పడుకున్నాడంట. తెల్లారి చూస్తే ఆరు సాళ్లు మడక దున్నినట్టుంది, మట్టి మీద అంతా నమిలి ఊసిన పొట్టు. నాన్నా పులి కథ మా చేలోనే జరిగింది. పంట పీకేదాకా కాపలా మా ఇద్దరికే పడింది.

పత్తికొండ బుడ్డలు:
మేం పందులు బెదిరేటట్టు గొంతు రికార్డు చేసే సౌండు బాక్సు పెడతాం. మా అబ్బ (తాత) గుడిసె చేనుకు ఒక కొసన, బాక్సు ఊరి వైపు గట్టు మీద. ఒకరోజు మా అన్న అబ్బ అరుపులు తీసేసి, "సంగటి చల్లారిపోతాంది, ఎప్పుడొస్తావు?" అన్న జేజి (అవ్వ) గొంతు పెట్టాడు. అబ్బ చీకట్లో మైలు దూరం నడిచి ఇంటికొచ్చి తలుపు కొడితే, నిద్రలోంచి లేచిన జేజి "చేను ఎవరికి అప్పజెప్పి వచ్చినావు?" అని అరగంట తిట్టింది. ఆయన ఒట్టు పెట్టి మరీ "నువ్వే పిలిచినావు" అంటాడు!

పులివెందుల:
నవ్వి నవ్వి చచ్చాను. పాత చీరలు కట్టండి, టపాసులు కాల్చండి, డబ్బాలు కొట్టండి, కరెంటు తీగ మాత్రం వద్దన్నా. మా పక్క చేలో పందులకని లాగిన తీగ తెల్లారి తీయడం మరిచిపోతే కాడెద్దు పోయింది, దాని వెనకే వచ్చే పిల్లోడు నాలుగడుగుల్లో బతికాడు. అనుమతి లేకుండా పందిని చంపినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే.

కళ్యాణదుర్గం కుర్రోడు:
నిజమన్నా, మా ఊళ్లోనూ అందరికీ చెప్తున్నాం. ఈ రాత్రి కాపలా నాదే, తాడు నా కాలికే ఉంది. ఇందాకే ఒకసారి కదిలింది, లేచి అరిచి వచ్చా, ఏమీ లేదు. గట్టు వెనక బీడీ వాసన వస్తోంది. మా ఇంట్లో బీడీ తాగేది చిన్నాయన ఒక్కడే. మళ్లీ కదిలింది, ఉండండి, చూసొచ్చి చెప్తా.