పచ్చ అంటే సాగమనా, నెమ్మదించమనా?

అనువాదకురాలు: పెద్దల లైంగిక ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో బీడీఎస్ఎం మీద ఒక అధ్యాయం ఉంది. అంటే ఇద్దరు వయోజనులు ముందుగా మాట్లాడుకొని కట్టడం, కొట్టడం, ఆజ్ఞాపించడం, లొంగడం వంటివి ఆటగా ఆడుకోవడం. ‘సేఫ్ వర్డ్’ దగ్గర కలం ఆగింది. ఆ ఆటలో ‘వద్దు, వదులు’ అన్నవి నటనగా కూడా రావచ్చు. అందుకని నిజంగా ఆపాల్సి వస్తే పలకడానికి, సందర్భంతో సంబంధం లేని మాట ఒకటి ముందే అనుకుంటారు. ‘రక్షణ పదం’ అని రాస్తే సైనిక శిబిరం గుర్తొచ్చింది. ‘ఆపుమాట’ ఎలా ఉంది? చాలామంది ట్రాఫిక్ దీపాల పద్ధతి వాడతారట: ఎరుపంటే ఆపు, పసుపంటే నెమ్మదించి నన్ను అడుగు, పచ్చంటే సాగించు.

పాత నిఘంటువు: ‘ఆపుమాట’ బాగుందండీ, ఉంచండి. ‘పచ్చ’ను మాత్రం తీసేయండి. పచ్చని చేను అన్నప్పుడు అది ఆకు రంగు. పచ్చకామెర్లు, గుడ్డులో పచ్చసొన అన్నప్పుడు పసుపు రంగు. ఒకే మాట మీ పట్టికలో రెండు గడుల్లో కూర్చుంటుంది. ఒకరు ‘కాస్త నెమ్మది’ అనుకొని పలికింది రెండోవారికి ‘కానివ్వు’ అని వినబడితే అది మన నిఘంటువుల తగవులా తేలిపోదు, ఒంటి మీద తేలుతుంది. ‘ఆకుపచ్చ’ అని పూర్తిగా రాయండి.

అన్నట్టు, ‘వద్దు’ నటన కావచ్చన్న ఎరుక కొత్తది కాదు. కామసూత్రం రెండో అధికరణంలో దెబ్బల అధ్యాయం ఉంది. ఆ సమయంలో వెలువడే పలుకుల్లో ‘అమ్మా’ అనే అర్థమున్నవి, ‘ఆపు’, ‘వదులు’, ‘చాలు’ అనే అర్థమున్నవి అన్నీ చెప్పాడు వాత్స్యాయనుడు. నిజమైన ‘చాలు’ను వేరుచేసే మాట ఆ జాబితాలో లేదు. అదే అధ్యాయంలో ఆట ప్రాణం తీసిన సంగతులున్నాయి: చోళరాజు దెబ్బకు గణిక చిత్రసేన, కుంతల శాతకర్ణి దెబ్బకు మహాదేవి మలయవతి. ఆ శాతకర్ణి మన శాతవాహనుడే.

అతిథి: మౌనం అర్థాంగీకారం అన్నారు కదా పెద్దలు. ఇన్ని మాటలు ఎందుకు?

వకీలు: మీరు రాసిన ‘థ’ తప్పండీ, అది ‘ధ’. సగం అంగీకారమని మాత్రమే ఆ మాటకు అర్థం. చట్టం ఆ సగాన్ని కూడా ఒప్పుకోదు. 2013 నేర చట్ట సవరణతో వచ్చి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అత్యాచారాన్ని నిర్వచించే 63వ సెక్షన్లో ఉన్న వివరణ ప్రకారం, స్త్రీ శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో ఆమె సమ్మతించినట్టు కాదు. పైగా ఆ సమ్మతి ఫలానా చర్యకు ఇచ్చినదై ఉండాలి. అందువల్ల ‘ఒప్పందం’ అనే మాట ఆ అధ్యాయంలో వాడకండి. సంతకం పెట్టాక వెనక్కు తీసుకోలేమన్న భావం దానికి అంటుకొని ఉంది. ‘ఒప్పుకోలు’ నయం, నేరం ఒప్పుకున్న వాసన కాస్త వస్తుందనుకోండి. ‘సమ్మతి’కి నా ఓటు.

గణవిభజన: పచ్చ సంగతి సరే, ఎరుపు, పసుపుల మాటేమిటి? రెండూ న గణాలే, మూడేసి లఘువులు, రెండూ ‘పు’తోనే ముగుస్తాయి. ఆయాసంలో, చీకట్లో ఒకటి అంటే ఇంకొకటి వినబడుతుంది. ఆపమన్న మాట, అడగమన్న మాట అంత్యప్రాస కుదిరి ఉండకూడదు.

అనువాదకురాలు: ఇది నాకు తట్టనే లేదు! అయితే ‘ఎర్రజెండా’ అని పెడతాను, రైలునే ఆపుతుంది. ‘హార్డ్ లిమిట్’కు ‘దాటని హద్దు’, ‘సాఫ్ట్ లిమిట్’కు ‘అడిగి దాటే హద్దు’ అని రాసుకున్నాను. ‘కఠిన పరిమితి’ అంటే పరీక్ష నిబంధనలా ఉంది.

పాత నిఘంటువు: హద్దులు బాగా కుదిరాయి. నోటికి గుడ్డ కట్టి ఉంటే ఏ జెండా పలుకుతారు? చేతిలో చిన్న గంట పట్టుకొని జారవిడవడం అలాంటప్పుడు వాడే గుర్తు. మూలంలో ఉందో లేదో చూడండి.

అనువాదకురాలు: ఉందండీ, తర్వాతి పేజీలో. ‘డ్రాప్ సిగ్నల్’ అన్నారు. దానికి తెలుగు రేపు అడుగుతాను.