హాస్టల్ గదిలో నింపిన 46 ప్రశ్నావళులు: ఈ ప్రాజెక్టును సమర్పించవచ్చా?

ప్రశ్న (అనంతపురం, ఎం.ఏ. ఆర్థికశాస్త్రం, రెండో సంవత్సరం):
వేరుశనగ రైతుల అప్పుల మీద ముగ్గురం కలిసి ప్రాజెక్టు చేస్తున్నాము. కణేకల్, కళ్యాణదుర్గం మండలాల్లో 120 మంది రైతులను కలవాలనుకున్నాము గానీ, 74 మందిని కలిసేసరికి సెలవులు అయిపోయాయి. మిగిలిన 46 ప్రశ్నావళులను మా స్నేహితుడు హాస్టల్ గదిలో కూర్చొని ఒక్క రాత్రిలో నింపేశాడు. వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. భూమి ఎంత అని ఊళ్లో రైతును అడిగితే ‘మూడెకరాల డెబ్బై సెంట్లు, అందులో ఎకరా మా చిన్నాయనది’ అంటాడు. ఈ 46 కాగితాల్లో మాత్రం ఐదెకరాలు, పదెకరాలే తప్ప సెంట్ల మాటే లేదు. గట్టిగా అడిగితే ఒప్పుకున్నాడు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల రాతతో పోలిక 8 శాతమే వచ్చిందనీ, గైడు సంతకం కూడా అయిపోయింది కాబట్టి ఇబ్బందేమీ ఉండదనీ మిగతా ఇద్దరూ అంటున్నారు. గడువు 12 రోజులే ఉంది. నేనేం చేయాలి?

జవాబు (కడప, పరిశోధక విద్యార్థి):
ఆ 8 శాతాన్ని చూసి ధైర్యపడకండి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 40 వరకు ఉంటే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి, 60 వరకు ఉంటే ఏడాది పాటు సమర్పించడానికి వీల్లేదు, అది కూడా దాటితే నమోదే రద్దవుతుంది. అయితే ఈ లెక్కంతా ఇతరుల రాతను ఎంత ఎత్తి రాశారన్నదానికే. లేని రైతును కల్పించి రాస్తే, ఆ వివరాలు మరెక్కడా ఉండవు కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు అది సొంత రచనగానే కనిపిస్తుంది. పరిశోధన చేయడంలోనూ, దాన్ని నివేదించడంలోనూ నిజాయితీ ఉండాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. ఆ 46 తీసేసి, పట్టికలన్నీ 74 మందితోనే మళ్లీ వేయండి. ఎందుకు అక్కడితో ఆగారో పరిశోధన పద్ధతి అధ్యాయంలో రెండు వాక్యాల్లో రాయండి.

జవాబు (అనంతపురం, పూర్వ విద్యార్థి):
గైడుకు చెబితే ముగ్గురి మార్కులూ పోతాయి. పాత కాగితాలు చింపేసి, ఈ పది రోజుల్లో మిగిలిన రైతులను నిజంగానే కలవండి.

జవాబు (కర్నూలు, విశ్రాంత అధ్యాపకుడు):
చింపేయడం వద్దు బాబూ. ముందు ఆ స్నేహితుడితో కూర్చొని మాట్లాడి, తర్వాత ముగ్గురూ కలిసే గైడు దగ్గరకు వెళ్లండి. అసలు కాగితాలు తెప్పించుకొని చూడకుండానే నేను సంతకాలు పెట్టిన సంవత్సరాలున్నాయి. ఒక వైవాలో (మౌఖిక పరీక్షలో) బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ‘ఆ ఊరికి ఏ బస్సులో వెళ్లారు?’ అని అడిగితే, మా విద్యార్థి చేతిలోని ప్రాజెక్టు పుస్తకం వణకడం చూశాను. ఆ తప్పులో నా వాటా తక్కువేమీ కాదు. ఇంకొక్క మాట. బ్యాంకు అప్పు ఎంత, వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చింది ఎంత అన్నదే మీ ప్రాజెక్టుకు ప్రాణం. ఆ 46 కాగితాల్లో ఆ గడి ఎలా నింపారో ఒకసారి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చూశానండి. నలభై ఆరింటిలోనూ బ్యాంకు అప్పే రాసి ఉంది. హడావుడిగా ఊళ్లకు వెళ్లి ఇంకో 46 నింపుకొస్తే, వాటిని కూడా నేను నమ్మలేను. రాత్రి 74 మందితోనే పట్టిక మళ్లీ వేస్తే వడ్డీ వ్యాపారుల వాటా బాగా పెరిగింది. దాన్ని చూపించాకే నా స్నేహితుడు మెత్తబడ్డాడు. రేపు ఉదయం ముగ్గురం ఆ కాగితాలన్నీ తీసుకొని గైడు దగ్గరకు వెళ్తున్నాము.