ఆరు నెలల డబ్బే మిగిలింది: కంపెనీని లాగాలా, ఆపాలా?

బ్రాడీపేట_లెక్కలు:
గుంటూరు మిర్చి యార్డు కమీషన్ ఏజెంట్లకు తక్‌పట్టీలు (సరుకు బరువు, ధర చూపిస్తూ రైతుకిచ్చే చీటీలు), రైతు బకాయిలు, కోల్డ్ స్టోరేజీ సరుకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్ చేస్తున్న పది మంది కంపెనీ ఒకటి ఉందనుకుందాం. జీతాలు, అద్దె, సర్వర్లు కలిపి నెలకు 4.2 లక్షల ఖర్చు. కస్టమర్లు 60 మంది, ఒక్కొక్కరి నుంచి ఏడాదికి 18,000. అంటే నెలకు 90 వేలు. మిగతా 3.3 లక్షలు చేతి నుంచి పోతున్నాయి. బ్యాంకులో 20 లక్షలున్నాయి, ఆరు నెలలకు సరి. ఖర్చు రాబట్టాలంటే 280 మంది కస్టమర్లు కావాలి. ఫౌండరు పట్టు వదలకుండా నడపాలా, ఆపేయాలా? ఆపేయాలనే నేనంటాను. ఆరు నెలల్లో 60 మంది 280 కారు.

పటమట_ప్రొడక్ట్:
లెక్క సరిగానే వేశారండీ, క్యాలెండర్ మర్చిపోయారు. యార్డుకు కొత్త సరుకు పోటెత్తేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ రోజుల్లో ఏ ఏజెంటూ లెక్కల పద్ధతి మార్చడు, డెమోకి వెళ్తే కూర్చోబెట్టే తీరిక కూడా ఉండదు. పాత బకాయిలు ఎక్కించి, గుమాస్తాకు నేర్పి, ప్రింటరు కుదిర్చి, సీజన్‌కు సిద్ధం చేయాలంటే ఆగస్టు నుంచి నవంబరు లోపే పని జరగాలి. జూలైలో 20 లక్షలుంటే ఒక అమ్మకాల కాలం మొత్తం చేతిలో ఉన్నట్టు. అదే 20 లక్షలు ఫిబ్రవరిలో ఉంటే, అమ్మే రోజులు వచ్చేసరికి ఖాతా ఖాళీ. జూలై కంపెనీని మూయమనడం తొందరపాటు.

ఆటోనగర్_ఈఆర్పీ:
ఇద్దరూ కస్టమర్ల సంఖ్యే చూస్తున్నారు. నేనైతే ఆ 60 మందిలో ఎంతమంది రోజూ తక్‌పట్టీ సాఫ్ట్‌వేర్ నుంచే తీస్తున్నారో చూస్తాను. సర్వర్ లాగ్‌లో తెలిసిపోతుంది. డబ్బు కట్టేది ఓనరు, వాడేది గుమాస్తా. టిక్కీల (మిర్చి బస్తాల) బరువులు ఎక్కించడానికి పుస్తకంలో రాసినదానికంటే ఎక్కువ సేపు పడితే సీజన్ మొదటి వారంలోనే అతను చిట్టాకు తిరిగిపోతాడు. ఓనరుకు ఆ సంగతి రెన్యువల్ నాడు గానీ తెలియదు. సరుకు ఎక్కువొచ్చిన రోజు నెట్ ఆగినా పట్టీ రావాలి. అంటే బరువులు ముందు ఆ కంప్యూటర్లోనే సేవ్ అయి, నెట్ వచ్చాక సర్వర్‌కు వెళ్లాలి. పట్టీ నంబర్లు రెండు కంప్యూటర్లలో కలిసిపోకుండా ఒక్కో దానికి వేరే వరస ఇవ్వాలి. ఇది చేయకుండా కొత్త రిపోర్టులు కలుపుతూ పోయే కంపెనీలు చాలా ఉన్నాయి. 60లో 45 మంది రోజూ వాడుతుంటే నిలబడొచ్చు. 15 మందే వాడుతుంటే జూలై అయినా లాభం లేదు.

గవర్నర్‌పేట_సీఏ:
లాగే ముందు ఒక గీత గీసుకోవాలి. సిబ్బంది జీతాల్లో కోసిన పీఎఫ్, టీడీఎస్, కస్టమర్ దగ్గర తీసుకున్న జీఎస్టీ మీ డబ్బు కాదు. ఈ మూడూ వేరే ఖాతాలో పెట్టండి. టీడీఎస్ మర్నెల 7కి, పీఎఫ్ 15కి, నెలవారీ జీఎస్టీ 20కి కట్టాలి. ఉద్యోగి వాటా కోసి పీఎఫ్ కట్టకపోతే అది క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది. కంపెనీ మూసినా డైరెక్టర్లను వదలదు.

జీఎస్టీలో ఇంకో చిక్కు. 18,000 మీద 18 శాతం, అంటే 3,240. ముందే ట్యాక్స్ ఇన్వాయిస్ కొట్టేస్తే ఏజెంటు డబ్బివ్వకపోయినా అది మీరు కట్టాలి, ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. రెన్యువల్‌కు ప్రొఫార్మా (ట్యాక్స్ ఇన్వాయిస్ కాని ముందస్తు బిల్లు) పంపి, డబ్బు పడ్డాక, కొత్త ఏడాది సర్వీసు తెరిచే ముందు ట్యాక్స్ ఇన్వాయిస్ ఇవ్వండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉంటే ఆ నంబరు బిల్లు మీద వేయండి. చిన్న సంస్థలకు బిల్లు డబ్బు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా, 45 రోజుల్లో ఇవ్వాలని 2006 చట్టం చెప్తుంది. గడువు దాటి, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కూడా ఇవ్వకపోతే కొన్నవాళ్లకు ఆ ఖర్చు ఆ ఏడాది ఆదాయంలో తగ్గదు. ఈ నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి ఉంది. చిన్న ఏజెంట్ల దగ్గర మాత్రం ముందే వసూలు చేసుకోవాలి.

కృష్ణలంక_కోడ్:
ఇంత లెక్కలేస్తే ఎవరూ కంపెనీ పెట్టరు. శ్రీధర్ వెంబు వాళ్లు 1996లో అడ్వెంట్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, బయటి పెట్టుబడి లేకుండా జోహో దాకా తెచ్చారు. పట్టుదల లేకపోతే అయ్యేదా?

ఆటోనగర్_ఈఆర్పీ:
ఆ ఉదాహరణ మీ వాదానికి సాయం చేయదండీ. అడ్వెంట్‌నెట్ మొదట అమ్మింది టెలికం పరికరాల కంపెనీలకు నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. 2001లో ఆ మార్కెట్ కూలింది. టీమును నిలుపుకొని వేరే ప్రొడక్టుల వైపు తిరిగారు. జోహో పేరుతో మొదటివి 2005లో వచ్చాయి, కంపెనీ పేరు 2009లో మారింది. ఆ మలుపు తిరిగేటప్పుడు చేతిలో అమ్ముడవుతున్న ప్రొడక్టు ఉంది. మన ఉదాహరణ కంపెనీకి ఖర్చు రాబట్టే ప్రొడక్టే ఇంకా లేదు.

పటమట_ప్రొడక్ట్:
టీమును నిలుపుకోవడం అన్నారు, అసలు కష్టం అక్కడుంది. రెండు నెలల డబ్బు మిగిలాక చెప్పే ఫౌండర్ల దగ్గర ఎవరూ నిలవరు. సీనియర్ డెవలపరు ముందు హైదరాబాద్ బస్సెక్కుతాడు, ఆయనతో బిల్లింగ్ కోడ్ తెలిసిన ఏకైక మనిషి పోతాడు. ఆరు నెలలున్నప్పుడే పది మందినీ కూర్చోబెట్టి ఖాతాలో ఎంతుందో, ఏ తేదీకి ఎంతమంది కస్టమర్లు రాకపోతే ఆపుతారో చెప్పాలి. జీతం కోత ఫౌండర్లతో మొదలుపెట్టాలి. ప్రతి భాగం ఇద్దరికి తెలిసుండాలి, సర్వర్ పాస్‌వర్డ్‌లు, డొమైన్ కంపెనీ పేరు మీదుండాలి. బ్యాకప్ నెలకోసారి వేరే మెషీన్ మీద తెరిచి చూడాలి, లేకపోతే అది ఉన్నట్టు కాదు.

బ్రాడీపేట_లెక్కలు:
జూలై, రోజూ వాడే 45 మంది, విడి ఖాతా: ఈ మూడూ ఉంటే నవంబరు 30 దాకా నడపడానికి నాకు అభ్యంతరం లేదు. కొత్తగా 220 మంది అప్పటికీ రారని నా నమ్మకం. 60 మంది కస్టమర్లు చేరి, సిబ్బందిలో ముగ్గురు తగ్గి, ఖర్చు 3 లక్షలకు దిగితే ఇంకో సీజన్ చూడొచ్చు. అంతకు మించి ఇల్లు తాకట్టు పెట్టి లాగడాన్ని నేను ఒప్పుకోను.

కృష్ణలంక_కోడ్:
ఇంటి తాకట్టు గురించి మీతో ఏకీభవిస్తాను. తేదీ గురించి కాదు. 50 మంది చేరి ఆగినా నేను ఫిబ్రవరి దాకా చూస్తాను, పక్క కొట్టు గుమాస్తా చెప్తేనే ఏజెంటు వింటాడు, అది సీజన్లోనే జరుగుతుంది.

గవర్నర్‌పేట_సీఏ:
ఏ తేదీ పెట్టుకున్నా, ఆపాలనుకుంటే కస్టమర్ల బకాయిల లెక్క మొత్తం ఎక్సెల్‌లో, రైతు వారీగా, జనవరి రాకముందే వాళ్ల చేతికివ్వండి. సీజన్ మధ్యలో సర్వర్ ఆపితే నష్టపోయేది పట్టీ కోసం నిలబడ్డ రైతు.