నోటీసు బోర్డు మీద అంటించే పెన్షన్ జాబితాలో ఏ వివరాలు ఉండాలి, ఏవి ఉండకూడదు?

పెన్నా_గట్టు (కోవూరు):
సోషల్ ఆడిట్ (ఊరి జనమే జాబితా సరిచూడడం) కోసం గ్రామ సచివాలయం గోడకు అర్హుల జాబితా, అనర్హుల జాబితా అంటించాలి. చేతికొచ్చే ఎక్సెల్‌లో పేరు, ఆధార్, ఫోను, బ్యాంకు ఖాతా, పెన్షన్ రకం, ఇచ్చే డబ్బు, తిరస్కరణ కారణం అన్నీ కలిసే ఉంటాయి. ఆధార్ తీసేస్తే ఒకే పేరున్నవాళ్లను ఎట్ట వేరు చేయాలి? మన వైపు ఒక్కో ఊళ్లో అరడజను మంది పెంచలయ్యలు, అంతమందీ పెంచలమ్మలు. ఇంకోటి, కొత్త డేటా చట్టం వచ్చింది గాబట్టి అసలు జాబితానే పెట్టకూడదని కొందరంటున్నారు. నిజమేనా? అదే ఫైలు ఊరి వాట్సాప్ గ్రూపులో వేయొచ్చా?

సహచట్టం_ఒంగోలు:
పెట్టకూడదన్న మాట తప్పు. సమాచార హక్కు చట్టం 2005లో 4(1)(బి) చూడండి. రాయితీ పథకాలు ఎట్ట అమలవుతున్నాయి, ఎంత ఇచ్చారు, లబ్ధిదారులెవరు అన్నది ఎవరూ అడక్కముందే బయటపెట్టాలి. ఆ సెక్షన్ చెక్కుచెదరలేదు. మారింది 8(1)(జె), అంటే వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే క్లాజు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దాన్ని సవరించింది, సవరణ 2025 నవంబరులో అమల్లోకొచ్చింది. మునుపు ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలని ఆ క్లాజులోనే రాసుండేది. ఇప్పుడు ఆ మాట లేదు. దీన్ని చూపించి ప్రతి దరఖాస్తూ తిప్పి పంపే ఆఫీసులుంటాయి. వాళ్లకు 8(2) గుర్తు చేయండి. నష్టం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్నది అక్కడ అట్టనే ఉంది. ఏపీలో గ్రామ స్థాయి దరఖాస్తుకు ఫీజు కూడా లేదు, జవాబుకు గడువు 30 రోజులు.

ఆధార్‌ది వేరే లెక్క. 2016 ఆధార్ చట్టం 29(4) ప్రకారం ఆ నంబరు బహిరంగంగా పెట్టకూడదు. కొత్త చట్టం రాకముందు నుంచీ ఇదే నియమం. సమ్మతి సంగతీ ఒక మాట: ప్రభుత్వ పథకానికి డేటా వాడేందుకు 2023 చట్టంలో సెక్షన్ 7 వెసులుబాటు ఇచ్చింది. పెన్షన్ కోసం తీసుకున్న ఫోను నంబరుకు పార్టీ కాల్స్ చేయడానికి మాత్రం అది పనికిరాదు.

గడి_గీత:
తప్పులు జరిగేది చట్టం తెలియక తక్కువ, ఎక్సెల్ తెలియక ఎక్కువ.

కాలమ్‌ను హైడ్ చేసి ఫైలు పంపితే డేటా పోదు. అందుకున్నవాడు అన్‌హైడ్ కొడితే మొత్తం బయటికొస్తుంది. పీడీఎఫ్‌లో నంబర్ల మీద నల్ల డబ్బా గీసినా అంతే, కింద అక్షరాలు ఉంటాయి, కాపీ చేసి వేరేచోట అంటిస్తే కనబడతాయి. కాగితం మీద మార్కర్‌తో కొట్టేసినా వెలుతురుకు పట్టి చూస్తే చాలాసార్లు అంకెలు తెలుస్తాయి.

అసలు ఫైలు ముట్టుకోకుండా కొత్త ఫైలు తెరవండి. కావలసిన కాలమ్‌లు మాత్రమే కాపీ చేసి "పేస్ట్ వాల్యూస్"తో వేయండి. ఫార్ములాతో వేస్తే పాత ఫైలుతో లింకు మిగులుతుంది. ఆధార్ చివరి 4 అంకెలు తప్పదనుకుంటే రైట్ (RIGHT) అనే ఫార్ములాతో తీసి, దాన్నీ వాల్యూగా మార్చాక అసలు కాలమ్ డిలీట్ చేయాలి. దరఖాస్తు నంబరు కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి. 15 అంకెలు దాటిన నంబరును ఎక్సెల్ సంఖ్యగా తీసుకుంటే చివరి అంకెల్ని సున్నాలు చేసేస్తుంది. అప్పుడు ఆ వరస ఎవరిదో కనుక్కోలేరు.

పెంచలయ్యలకు మందు: ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు లేదా వీధి, దరఖాస్తు నంబరు. ఇంతకు మించి అక్కర్లేదు. ఫోను, బ్యాంకు ఖాతా, పుట్టిన తేదీ గోడ మీద ఎవరికీ ఉపయోగపడవు, మోసగాడికి తప్ప.

వాట్సాప్‌లో ఎక్సెల్ వేయొద్దు. గోడ కాగితాన్ని ఎవరో ఫొటో తీయడం ఆపలేం, అందుకే ఫొటో తీసినా నష్టం లేనంత వరకే గోడ మీద ఉండాలి.

ఉప్పుటేరు:
పెన్షన్ రకం కాలమ్ గురించి ఎవరూ అనలేదు. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లకిచ్చే) పెన్షన్ అని గోడ మీద రాస్తే ఆ మనిషికి హెచ్‌ఐవీ ఉందని ఊరంతటికీ చెప్పినట్టే. 2017 హెచ్‌ఐవీ చట్టం దీన్ని నిషేధించింది. ఆ ఒక్క కాలమ్ తీసేసినా చాలదు. నెలకు వృద్ధులకు రూ.4,000, దివ్యాంగులకు 6,000, డయాలసిస్ వాళ్లకు 10,000. ఇచ్చే డబ్బు చూస్తే జబ్బు తెలిసిపోతుంది. కనిగిరి వైపు కిడ్నీ బాధితులు ఎక్కువున్న ఊళ్లలో ఇది పెళ్లి సంబంధాల దాకా పోతుంది. జబ్బు సంబంధమైనవి విడిగా ఫైల్లో పెట్టి, గోడ మీద "ఈ రకాలలో మొత్తం ఇంతమంది" అని సంఖ్య వేయండి. మరీ చిన్న పల్లెలో ఒక్కరే ఉంటే ఆ సంఖ్యా వద్దు, మండలం లెక్కలో కలపండి.

పెన్నా_గట్టు:
మరి తిరస్కరణ కారణం? అదీ తీసేయాలా?

సహచట్టం_ఒంగోలు:
వద్దు. కారణం దాస్తే దళారులకు పండగ. "భూమి", "కరెంటు", "వాహనం", "ఆదాయపు పన్ను" అని ఒక్క మాట చాలు. ఎన్ని ఎకరాలు, ఏ సర్వీసు నంబరు, ఎన్ని యూనిట్లు అన్నది ఆ మనిషికే చీటీ మీద రాసివ్వండి. ఆ చీటీ లేకపోతే అభ్యంతరం చెప్పడం కుదరదు. నెలకు 300 యూనిట్లు దాటాయని తీసేసిన కేసుల్లో తరచూ తేలేదేమంటే, అద్దెకిచ్చిన ఇంటి మీటరో, పాత ఇంటి మీటరో అదే ఆధార్‌కు కలిసి ఉంటుంది. సర్వీసు నంబరు చేతిలో ఉంటే కరెంటాఫీసులో విడదీయించుకోవచ్చు.

ఉప్పుటేరు:
ఒప్పుకుంటా, కానీ "వాహనం" అని ఒక్క మాట రాసినా పక్కింటివాళ్లు లెక్కలు వేస్తారు. అది తప్పదేమో.

గడి_గీత:
ఇప్పటికే ఆధార్‌తో అంటించేసి ఉంటే ముందు కాగితం తీయండి, తర్వాత ఆ జాబితాలోని వాళ్లకు చెప్పండి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చు. గత 6 నెలల్లో ఎక్కడెక్కడ వాడారో కూడా ఆధార్ వెబ్‌సైట్‌లో కనబడుతుంది. ఒక చిక్కు: లాక్ ఉంటే రేషన్ దగ్గరా, ఒకటో తేదీ పెన్షన్ దగ్గరా వేలిముద్రా పడదు, ముఖమూ పడదు. ముందురోజే అన్‌లాక్ చేసుకోమనండి, లేకపోతే ముసలోళ్లు మిమ్మల్నే తిడతారు.

పెన్నా_గట్టు:
గోడ మీద ఎన్నాళ్లు ఉంచాలి?

సహచట్టం_ఒంగోలు:
అభ్యంతరాల గడువు వరకే. ఆ తేదీ జాబితా మీదే పైన పెద్దక్షరాలతో రాయండి. అంటించిన రోజు ఫొటో ఒకటి, సంతకంతో ఒక కాపీ ఫైల్లో ఉంచండి. గోడవి తీశాక ముక్కలు చేయండి. పాత పేపర్ల కింద తూకానికి వేస్తే మిరపకాయ బజ్జీ పొట్లాలై మళ్లీ ఊళ్లోకే వస్తాయి.