కష్టం వచ్చినప్పుడు సిక్కులు చేసే అర్దాస్‌లో మొక్కు ఉంటుందా?

ప్రశ్న: ధర్మాబాద్ (నాందేడ్ జిల్లా) నుంచి

అందరికీ నమస్కారం. మా వీధిలో తరతరాలుగా ఉంటున్న ఒక దఖనీ సిక్కు కుటుంబం ఉంది. మా చిన్నాన్నగారికి మూత్రపిండాలు చెడిపోయి, డయాలిసిస్ కోసం తరచూ నాందేడ్ తీసుకుపోవలసి వస్తున్నదని తెలియగానే ఆ ఇంటి పెద్దావిడ మా పిన్ని దగ్గరకు వచ్చి, అక్కడి హజూర్ సాహిబ్ గురుద్వారాలో ఆయన పేరున అర్దాస్ (సిక్కుల ప్రార్థన) చేయిస్తానని చెప్పారు. మా పిన్ని అలవాటు కొద్దీ, "అయితే ఏమని మొక్కుకోవాలమ్మా?" అని అడిగింది. దానికి ఆవిడ, "మొక్కేమీ లేదు బిడ్డా. నయం కావాలని అడుగుతాను. ఆయన ఏమి ఇచ్చినా తీపిగానే తీసుకునే మనసు కూడా ఇమ్మని అడుగుతాను" అన్నారు.

ఆపద వస్తే మేము సరిహద్దు దాటి బాసర అమ్మవారికి మొక్కుకుంటాం, వేములవాడ రాజన్నకు కోడె కడతామంటాం, తిరుపతి వెంకన్నకు తలనీలాలు ఇస్తామంటాం. గండం గడిచాక వెళ్ళి చెల్లించుకుంటాం. పెద్దలు నేర్పిన ఆ భక్తిని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ పెద్దావిడ మాట విన్నప్పటి నుంచి కొన్ని సందేహాలు పట్టుకున్నాయి. అంతా ఆ పరమాత్మ హుకం (ఆజ్ఞ) ప్రకారమే నడుస్తుందని సిక్కులు నమ్ముతారు కదా, అలాంటప్పుడు కష్టంలో ప్రార్థన దేనికి? రోగం తగ్గాలని అడగడం ఆ నమ్మకానికి విరుద్ధం కాదా? సిక్కులు కాని మా వంటి వారి కోసం కూడా అర్దాస్ చేస్తారా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: నాందేడ్ నుంచి

అమ్మా, మీ చివరి సందేహం ముందు తీరుస్తాను. తప్పకుండా చేస్తారు. సిక్కు ధర్మంలో పురోహిత వర్గమంటూ లేదు. ఆడవారైనా మగవారైనా, గురుద్వారాలోనైనా ఇంట్లోనైనా, చేతులు జోడించి నిలబడి అర్దాస్ చేయవచ్చు. ఎవరి కోసం చేస్తున్నారో ఆ మనిషి మతం ఎవరూ అడగరు.

హజూర్ సాహిబ్‌కు దగ్గరలోనే మా ఇల్లు కావడం వల్ల చిన్ననాటి నుంచి అర్దాస్ వింటూ పెరిగాను. అందులో ఏది ముందు వస్తుందో, ఏది తరువాత వస్తుందో గమనిస్తే మీ మిగిలిన సందేహాలకు చాలా వరకు జవాబు దొరుకుతుందని నా నమ్మకం. మొదటి భాగం పదవ గురువు గురు గోవింద్ సింగ్ రచించిన 'చండీ దీ వార్' ఆరంభంలోనిది; అందులో గురు నానక్ మొదలుకొని తొమ్మిదవ గురువు తేగ్ బహదూర్ వరకు ఒక్కొక్కరినీ తలచుకుంటారు. పదవ గురువునూ సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబ్‌నూ తలచే మాటలు, ఆ తరువాతి భాగమంతా సిక్కు సమాజం కాలక్రమంలో చేర్చుకున్నవి. గురువుల తరువాత పంచ ప్యారేలు (గురు గోవింద్ సింగ్ దీక్ష ఇచ్చిన తొలి అయిదుగురు), ఆయన నలుగురు కుమారులు, ఆయన కోసం పోరాడి ప్రాణాలిచ్చిన నలభై మంది ముక్తులు వస్తారు. ఆపైన పేరు తెలియని అమరులు వస్తారు: ధర్మం కోసం తలలిచ్చినవారు, కీలుకు కీలుగా నరకబడినవారు, చక్రాలపై విరవబడినవారు, రంపాలతో కోయబడినవారు, అయినా నమ్మకం విడవనివారు. ప్రతి తలపు చివర పరమాత్మ పేరైన "వాహెగురు" అనమని అర్దాస్ చేసేవారు కోరతారు, నిలబడిన సంగత్ (భక్త సమూహం) అంతా ఒక్క గొంతుతో అంటుంది. మన హజూర్ సాహిబ్‌తో సహా అయిదు తఖ్తులనూ (సిక్కుల ప్రధాన పీఠాలనూ) తలచుకుంటారు. తరువాత నమ్మకం, వివేకం, నామస్మరణ దానంగా ఇమ్మని సమాజమంతటి తరఫున అడుగుతారు. అభిమానం కోల్పోయినవారికి అభిమానం, బలం లేనివారికి బలం, దిక్కులేనివారికి దిక్కు నీవే అని పరమాత్మను పిలుస్తారు.

ఇంత జరిగాకనే మీ చిన్నాన్నగారి పేరు వస్తుంది. ఆ పేరు చెప్పి, ఫలానా వారికి ఆరోగ్యం ప్రసాదించమని అడుగుతారు. వెంటనే "నానక్ నామ్ చడ్దీ కలా, తేరే భాణే సర్బత్ దా భలా" అనే మాటలతో ముగిస్తారు. నామం వల్ల మా మనసు ఎప్పుడూ పైకే లేచి ఉండాలి, నీ సంకల్పంలో అందరికీ మేలు కలగాలి అని దాని భావం. మన బాధ మనకు కొండంతగా కనిపించే సమయంలో, దానికి ముందు అంతకంటె ఘోరమైనవి భరించినవారిని, దాని వెనుక లోకంలోని అందరినీ నిలబెట్టి, మధ్యలో మన కోరికకు చోటిస్తుంది అర్దాస్. మన కోరికను తోసివేయదు. అలాగని దాన్ని ఒంటరిగానూ వదలదు. నాకు ఈ ధర్మంలో అన్నిటికంటె మనసుకు పట్టిన విషయం ఇదే.

అర్దాస్ ముగిసి అందరూ నేలకు నుదురు ఆనించిన తరువాత గురు గ్రంథ్ సాహిబ్‌ను తెరిచి, ఎడమ పుట పైభాగంలో ఉన్న శబదాన్ని (కీర్తనను) చదువుతారు. అది ముందు పుటలో మొదలై ఉంటే పుట తిప్పి మొదటి నుంచి చదువుతారు. దీనిని హుకమ్‌నామా అంటారు. కష్టంలో ఉన్నవారు తమకు చెప్పిన మాటగానే దానిని చెవి ఒగ్గి వింటారు. అయితే రోగం తగ్గుతుందా తగ్గదా అని శకునం చూడడం కాదది; ఆ రోజుకు ఎలా నిలబడాలో చెప్పే ఉపదేశం.

సమాధానం: దెగ్లూర్ నుంచి

అక్కయ్యగారూ, మేము దఖనీ సిక్కులం. మహారాజా రంజీత్ సింగ్ కాలంలో నిజాం కొలువుకు పంజాబు నుంచి వచ్చిన సైనికుల సంతతి అని మా పెద్దలు చెప్పేవారు. మా అమ్మమ్మగారి ఊరు నిజామాబాద్ వైపు కావడం వల్ల ఇంట్లో తెలుగు కూడా నడుస్తుంది. పై సమాధానం బాగుంది. మొక్కు సంగతి మాత్రం నేను కొంత చెప్పాలి.

మాలోనూ ఆపద సమయంలో "గండం గడిస్తే అఖండ్ పాఠ్ (గ్రంథ్ సాహిబ్‌ను ఆపకుండా మొత్తం చదివించడం) చేయిస్తాను", "రుమాలా (గ్రంథ్ సాహిబ్‌పై కప్పే వస్త్రం) సమర్పిస్తాను" అని అనుకునేవారు చాలామందే ఉన్నారు. దీనిని సుఖ్నా అంటారు. హజూర్ సాహిబ్‌లో సాయంత్రం దీపాలతో ఆరతి కూడా జరుగుతుంది కనుక, మన గుళ్ళకు అలవాటు పడినవారికి ఇది కూడా మొక్కుల క్షేత్రమే అనిపించడం సహజం. కానీ గురువాణిలో, అంటే గ్రంథ్ సాహిబ్‌లోని గురువుల మాటల్లో, బేరం లేదు. ఇస్తే చేస్తాను అనే షరతు మీద పాఠం చేయించడం పాఠానికి తగినది కాదని పెద్దలు చెబుతారు. 1945లో ఆమోదం పొందిన సిక్కుల నియమావళి, సిక్కు రెహత్ మర్యాద, మంత్రతంత్రాలనూ శకునాలనూ ముహూర్తాలనూ స్పష్టంగా తోసిపుచ్చింది. కనుక మీ పిన్నిగారి భయాన్ని చూసి ఎవరైనా తాయెత్తు కట్టిస్తామంటే దానికీ అర్దాస్‌కూ ఏ సంబంధమూ లేదని గుర్తుంచుకోండి.

ఆ పెద్దావిడ చెప్పిన తీపి మాట అయిదవ గురువు గురు అర్జన్ దేవ్ వాణిలోనిది. నీవు చేసినది నాకు తీయగా ఉంటుంది, నానక్ అడిగేది నామం ఒక్కటే అని ఆ చరణం. 1606లో లాహోర్‌లో జహంగీర్ ఆజ్ఞపై ఆయనను చిత్రహింసలు పెట్టి చంపినప్పుడు ఆయన నోట ఉన్నది ఆ మాటే అని మా సంప్రదాయం చెబుతుంది.

రోగం గురించి మీరు అడిగారు కనుక ఇంకొక్క మాట. అర్దాస్ తొలి పంక్తుల్లో ఎనిమిదవ గురువు హర్‌కిషన్ గురించి, "ఆయనను ధ్యానించండి, ఆయన దర్శనంతోనే దుఃఖాలన్నీ తొలగుతాయి" అని వస్తుంది. ఎనిమిదేళ్ళైనా నిండని ఆ బాలగురువు ఢిల్లీలో మశూచి సోకినవారికి సేవ చేస్తూ, అదే మశూచితో 1664లో కన్నుమూశారు. చూడగానే దుఃఖం పోతుందని ఎవరిని గురించి రోజూ చెప్పుకుంటామో ఆయననే రోగం తీసుకుపోయింది. ఆ సంగతి తెలిసి కూడా సిక్కులు మూడు శతాబ్దాలకు పైగా ఆ పంక్తిని మార్చకుండా చెబుతున్నారు. దుఃఖం తొలగడమంటే శరీరం బాగుపడడం ఒక్కటే అయితే ఆ పంక్తి ఏనాడో రాలిపోయి ఉండేది. మా అమ్మ జబ్బులో నేను ఆ పంక్తి దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆగిపోయేవాడిని, తరువాత కొనసాగించేవాడిని.

ప్రశ్న అడిగినవారు మళ్ళీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు వ్రాసినదంతా పిన్నికి చదివి వినిపించాను. ఆమె ఒకటే అడిగింది: "తీపిగా తీసుకోవాలంటే, ఏడవకూడదా? దేవుడి మీద కోపం రాకూడదా?" దీనికి ఏమి చెప్పాలో నాకు తోచలేదు.

సమాధానం: కిన్వట్ నుంచి

అమ్మా, మీ పిన్నిగారు అడిగినది గురు నానక్ కూడా అడిగారు. బాబర్ సేనలు 1521లో సయ్యద్‌పూర్‌ను ధ్వంసం చేసినప్పుడు జనం పడిన యాతన చూసి ఆయన పరమాత్మను నిలదీశారు: ఇన్ని దెబ్బలు పడి జనం ఇంతగా విలపిస్తే నీకు నొప్పి కలగలేదా? ఆ మాటను ఎవరూ తుడిచివేయలేదు. 1430 పుటల గురు గ్రంథ్ సాహిబ్‌లో అది ఈనాటికీ ఉంది, సంగత్ ముందు పాడుతూనే ఉన్నారు. హుకంలో నడవమని తన రచన జప్‌జీ మొదటి పౌడీలో (చరణంలో) చెప్పినవారూ, ఇలా నిలదీసినవారూ ఒక్కరే.

నాందేడ్‌లో 1708లో దేహం చాలించిన గురు గోవింద్ సింగ్ సంగతి చూడండి. ఆనంద్‌పూర్ విడిచిన తరువాత కొద్ది రోజుల్లోనే పెద్ద కుమారులిద్దరూ చమ్‌కౌర్ పోరులో నేలకొరిగారు, చిన్నపిల్లలిద్దరినీ సర్హింద్‌లో చంపించారు, తల్లి కూడా అక్కడే పోయింది. మాఛీవాడా అడవిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన చెప్పినదిగా సంప్రదాయం నిలుపుకున్న శబదంలో ఒక్క కోరిక లేదు. ప్రియమిత్రునికి మా స్థితి చెప్పండి, నీవు లేనిదే మెత్తని దుప్పటి రోగంలా ఉంది, మేడలో ఉండడం పాములతో ఉండడంలా ఉంది, ప్రియుడు ఉంటే గడ్డిపరుపైనా చాలు అని మాత్రమే ఉంటుంది. తన స్థితిని దాచకుండా చెప్పుకోవడం, ఎవరితో చెప్పుకుంటున్నామో ఆయనను మిత్రుడనే పిలవడం. మీ పిన్నిగారు ఏడవవచ్చు. ఎవరి ముందు ఏడుస్తున్నారో తెలిసి ఏడిస్తే అది కూడా అర్దాసే అని నేను గట్టిగా నమ్ముతాను.

మన ప్రాంతపు భక్తకవి నామ్‌దేవ్ కూడా గురు గ్రంథ్ సాహిబ్‌లో ఉన్నారు. ఆయనవి 61 శబదాలు అందులో చేరాయి. రాజ్యమిస్తే నాకు వచ్చే గొప్ప ఏమిటి, బిచ్చమెత్తిస్తే నాకు తగ్గేదేమిటి అని ఒకచోట అంటారు. ఆ మాట తన గురించి తాను అనుకున్నందువల్లనే దానికి విలువ. జప్‌జీలో దుఃఖమూ ఆకలీ కూడా నీ దానమే అని ఒక పంక్తి వస్తుంది. దాన్ని రోగి పడక దగ్గర నిలబడి ఇంకొకరు అనడం నాకు అపచారంగా తోస్తుంది. బాధపడేవారు తమంతట తాము ఆ మాట దగ్గరకు రావాలి, మనం వారిని అక్కడికి నెట్టకూడదు. మన వంతు పని వేరు. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి వారింట అన్నం వండి ఉండాలి, డయాలిసిస్ రోజున తోడు ఒకరు వెళ్ళాలి. లంగర్‌ను (అందరికీ ఉచితంగా పెట్టే భోజనాన్ని), సేవను గురువులు ప్రార్థన నుంచి ఎప్పుడూ విడదీయలేదు. అర్దాస్ చేయిస్తానన్న ఆ పెద్దావిడ ఇప్పటికే మీ ఇంటికి కూర పంపుతూ ఉంటారని అనుకుంటున్నాను.

సమాధానం: నాందేడ్ నుంచి

కిన్వట్ అన్నగారి మాటలకు నేను చేర్చవలసినది లేదు. మీరు చిన్నాన్నగారిని తీసుకుని నాందేడ్ వచ్చినప్పుడు వీలైతే పిన్నిగారిని కూడా హజూర్ సాహిబ్‌కు తీసుకురండి. తలపై కొంగు కప్పుకుని, చెప్పులు విడిచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి వెళ్ళాలి. పొగాకు, బీడీ వంటివి ఎవరి జేబులోనూ ఉండకూడదు. పిండి, నెయ్యి, పంచదార సమానంగా వేసి చేసే కడా ప్రసాదానికి తోచినంత ఇవ్వవచ్చు, ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అర్దాస్ చేసేవారికి రోగి పేరూ ఊరూ ముందుగా చెప్పండి, భాష కోసం తడుముకోనక్కరలేదు, ఇక్కడివారికి దఖనీ, మరాఠీ బాగానే వచ్చు, తెలుగు తెలిసినవారూ దొరుకుతారు. తరువాత లంగర్‌లో భోజనం చేసి వెళ్ళండి. డయాలిసిస్ వారికి ఉప్పు, పప్పు, నీరు విషయంలో వైద్యులు పెట్టే పరిమితులు ఉంటాయి కనుక చిన్నాన్నగారికి మాత్రం వారిని అడిగి పెట్టండి. మందులూ డయాలిసిస్ ఏ కారణంగానూ ఆపకండి.