కాలేజీలో గే, లెస్బియన్ అతిథులతో ముఖాముఖి: ఎలా జరపాలి?

డిగ్రీ_లెక్చరర్:
నమస్కారమండీ. జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న డిగ్రీ కాలేజీలో ఎన్ఎస్ఎస్ బాధ్యత చూస్తున్నాను. రెండో ఏడాది పిల్లలు 60 మంది. వీళ్లకి గే అంటే సినిమా కామెడీలో వచ్చే పాత్ర. ఇంట్లో పెద్దలు చెప్పింది ఒక్కటే: అదొక రోగం, లేదంటే పట్నం నేర్పిన చెడు అలవాటు. పాఠం చెబితే తలూపుతారు, బయటికెళ్లి అవే మాటలు అంటారు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తేనే మారుతుందంటారు కదా. ఎంతమందిని పిలవాలి, ఎంతసేపు పెట్టాలి, ఏం అడగనివ్వాలి, ప్రిన్సిపాల్‌కి ఏమని రాయాలి, ఎక్కడ బెడిసికొడుతుంది? ఇలాంటివి నడిపినవాళ్లు వివరంగా చెప్పండి.

గుండ్రంగా_కూర్చుందాం:
అండీ, ముందుగా సెమినార్ హాలు, స్టేజీ, మైకు ఆలోచన వదిలేయండి. 60 మంది ముందు ఒక మనిషిని నిలబెట్టి ప్రశ్నలడిగిస్తే ఆ మనిషి ప్రదర్శన వస్తువైపోతాడు. వెనక బెంచీలో ఒకడు నవ్వాడంటే హాలంతా నవ్వుతుంది, ఆ తర్వాత ఎవరేం చెప్పినా ఎక్కదు. డిబేట్ అసలే పెట్టకండి. తోటివాళ్ల ముందు ఒక పక్షం తీసుకున్న పిల్లవాడు తర్వాత మనసు మారినా పైకి ఒప్పుకోలేడు.

1954లోనే గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగు షరతులు చెప్పాడు. ఇద్దరూ సమాన హోదాలో ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, కలిసి పనిచేయాలి, పైనున్న సంస్థ దాన్ని బాహాటంగా సమర్థించాలి. 2006లో పెట్టిగ్రూ, ట్రాప్ అనే పరిశోధకులు 515 అధ్యయనాలను కలిపి చూస్తే పరిచయం వల్ల దురభిప్రాయం తగ్గడం నిజమేనని తేలింది. గే, లెస్బియన్ వ్యక్తులతో పరిచయం విషయంలో ఆ ప్రభావం మిగతా వర్గాలకంటే ఎక్కువగా ఉంది. వాళ్లే ఆ తర్వాత ఇది ఎందుకు పనిచేస్తుందో పరిశీలించారు. బెరుకు పోవడం, ఎదుటివాడి బాధ తనదిగా అనిపించడం, ఈ రెండే ఎక్కువ పనిచేస్తాయి. కొత్త సమాచారం తెలియడం వల్ల ఒరిగేది వాటికంటే తక్కువ. మీ పాఠానికి తలూపి బయట మళ్లీ అదే మాట అనడానికి కారణం ఇదే.

కాబట్టి ఇలా చేయండి. ఒక వారం ముందు 45 నిమిషాల క్లాసు తీసుకోండి. మన ఊళ్లలో పిల్లలకు తెలిసింది హిజ్రాలే కాబట్టి అందర్నీ అదే గాటన కట్టేస్తారు. ట్రాన్స్ వ్యక్తి అంటే ఎవరు, గే అంటే ఎవరు అన్న తేడా అప్పుడే తేల్చేయాలి, ఆ గందరగోళం అతిథి నెత్తిన పడకూడదు. అదే రోజు చీటీలు రాయించండి. అడగాలనుకున్నది పేరు లేకుండా రాయాలి, ఏమీ లేనివాళ్లు ‘ఏమీ లేదు’ అని రాయాలి. అందరి కలాలూ కదలాలి, లేకపోతే ఎవరు రాశారో పక్కవాళ్లు కనిపెట్టేస్తారు. చీటీలు పిల్లల ముందు విప్పకండి. దస్తూరీ గుర్తుపడతారు కాబట్టి మీరే టైపు చేసుకుని అసలు చీటీలు చించేయండి. ఆ ప్రశ్నల్ని అతిథులకు ముందే పంపితే వేటికి జవాబిస్తారో, వేటికి ఇవ్వరో వాళ్లే చెబుతారు.

అసలు రోజున 7 లేక 8 మందితో వలయాలు వేయండి. వలయానికి ఒక అతిథి (అతిథులు తక్కువైతే వలయాలు వంతులవారీగా), నడిపించడానికి ఒకరు, 35 నుంచి 40 నిమిషాలు. అందరూ ఒకే ఎత్తు కుర్చీల్లోనో, అందరూ చాపల మీదో కూర్చోవాలి. జిల్లా కాలేజీల్లో అబ్బాయిల ముందు అమ్మాయిలు నోరు విప్పరు. మొదటి విడత విడివిడిగా, రెండో విడత కలిపి పెట్టండి. హెచ్ఓడీలు, వార్డెన్ ఆ గదిలో ఉండకూడదు. మొదటి ఐదు నిమిషాల నవ్వు బెరుకుతో వచ్చేది, గదమాయించకండి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోండి. అతిథి మీద బూతు పడితే మాత్రం వలయం అక్కడే ఆపేయాలి. ఇక చాలు అనడానికి అతిథితో ముందే ఒక సైగ అనుకోండి.

తర్వాత కలిసి చేసే పని ఒకటి ఉండాలి, నా లెక్కలో మాటలకంటే ఇదే ముఖ్యం. హాస్టల్ కోసం ర్యాగింగ్ వ్యతిరేక పోస్టర్, పది నిమిషాల వీధి నాటిక, ఏదైనా సరే. మధ్యాహ్నం భోజనం ఒకే బంతిలో పెట్టండి.

అతిథులు కనీసం ఇద్దరు, ఒకమ్మాయి, ఒకబ్బాయి అయితే మంచిది. ఒక్కరే వస్తే ‘వీళ్లంతా ఇలాగే ఉంటారు’ అనుకుంటారు. వయసు 22 నుంచి 30 మధ్య ఉండాలి. ఇంగ్లీషు కలిపి మాట్లాడే పెద్ద కంపెనీ ఉద్యోగి ఒక్కరే హైదరాబాద్ నుంచి వస్తే ‘డబ్బున్నోళ్ల వ్యవహారం’ అన్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. మీ పిల్లల యాసలో మాట్లాడగలిగిన, రైతు ఇంటి నుంచో చిన్న ఉద్యోగి ఇంటి నుంచో వచ్చిన మనిషి కావాలి. కానీ మీ ఊరివాళ్లు, మీ మండలం వాళ్లు వద్దు. బంధువులెవరైనా గుర్తుపడితే ఆ మనిషి గతేం కాను? దారి ఖర్చులు, గౌరవ పారితోషికం చేతికివ్వండి. ఫోన్లు బయట బుట్టలో పెట్టించండి. ఫ్లెక్సీ వద్దు, ఫొటోలు వద్దు, లోకల్ విలేకరి అసలే వద్దు.

సున్నా_నుంచి_పది:
పై సలహాలన్నీ బాగున్నాయి, ఒక్కచోట నాది వేరే అభిప్రాయం. మొదటిసారే అతిథులు ఉండి తీరాలని లేదు. దొరక్కపోతే కార్యక్రమం మానుకోకండి.

ఇంటింటికీ వెళ్లి మాట్లాడటం మీద 2014 చివర్లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది, ఎదురుగా ఉన్నది గే వ్యక్తి అయితేనే మార్పు నిలుస్తుందని. డేటా నమ్మదగినది కాదని తేలడంతో 2015లో దాన్ని ఉపసంహరించారు. ఆ లోపాలు బయటపెట్టిన వాళ్లలో ఇద్దరు, బ్రూక్‌మన్, కల్లా, మయామీలో ట్రాన్స్ వ్యక్తుల పట్ల దురభిప్రాయం మీద నిజంగా పరీక్ష చేసి 2016లో ప్రచురించారు. సుమారు పది నిమిషాల సంభాషణ ప్రభావం కనీసం మూడు నెలలు నిలిచింది. మాట్లాడినవాళ్లు ట్రాన్స్ అయినా కాకపోయినా పనిచేసింది. అంటే ఆ పద్ధతి నేర్చుకుంటే మీరూ చేయొచ్చు.

పద్ధతి ఇది. ‘నీ రూమ్మేట్ గే అని తెలిస్తే అదే గదిలో ఉంటావా? సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పు’ అనండి. మూడు అన్నాడనుకోండి, మొహంలో ఏ మార్పూ చూపకుండా ‘మూడే ఎందుకు?’ అనడగండి. పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో సరిదిద్దకండి. తర్వాత అతన్ని ఎవరైనా వేరుగా చూసిన సందర్భం అడగండి. తెలుగు మీడియం అని నవ్వడం, రంగు, యాస, కులం అడిగాక గ్లాసు మార్చడం, మన పిల్లల్లో ఏదో ఒకటి తగలనివాడు ఉండడు. అది చెప్పుకున్నాక రూమ్మేట్ సంగతికి తిరిగి రండి, ఆ రెండింటినీ కలపాల్సింది అతనే. చివర్లో అంకె మళ్లీ అడగండి. ఎక్కువమంది చెడగొట్టేది ‘మూడే ఎందుకు’ దగ్గరే. వాదనకు దిగారంటే అంకె కదలదు.

హాస్టల్_కౌన్సెలర్:
కార్యక్రమం అయిన నాలుగైదు రోజుల్లో ఒకరో ఇద్దరో మీ గది దగ్గర తచ్చాడతారు, ‘మా ఫ్రెండ్ ఒకడున్నాడు సార్’ అని మొదలుపెడతారు. దానికి సిద్ధపడకుండా మొదలుపెట్టొద్దు.

విన్నది ఇంట్లోవాళ్లకు, వార్డెన్‌కు, తోటి లెక్చరర్లకు చెప్పకూడదు. ‘అమ్మానాన్నలకు చెప్పెయ్’ అన్న సలహా ఇవ్వకండి. ఫీజు, హాస్టల్, తిండి అన్నీ వాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఆ మాటతో చదువు ఆగిపోవచ్చు, ఆడపిల్లయితే నెలలో పెళ్లి కుదిర్చేస్తారు. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు మీ ముందే ఫోన్ చేయించండి. 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు.

17 ఏళ్ల పిల్లలు డిగ్రీలో ఉంటారు. వలయాలు 18 నిండినవాళ్లకే పెట్టండి, ఎవరి శారీరక అనుభవాలూ అడగకండి. 18 లోపువారితో లైంగిక చర్య జరిగిందని తెలిస్తే ఫిర్యాదు చేయాల్సిన బాధ్యత పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం మీ మీద పడుతుంది.

‘డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నయమవుతుందా’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మార్చే వైద్యం పేరిట చేసేదాన్ని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఇంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు.

వకీలు_గారి_బెంచీ:
ప్రిన్సిపాల్‌కి రాసే ఉత్తరం గురించి. యూజీసీ ర్యాగింగ్ నిబంధనలకు 2016లో చేసిన సవరణలో, లైంగిక దృక్పథం (ఎవరి పట్ల ఆకర్షణ ఉందన్నది) కారణంగా తోటి విద్యార్థిని వేధించినా, వెలివేసినా ర్యాగింగేనని ఉంది. ‘ర్యాగింగ్ నిరోధక కార్యక్రమం’ అని శీర్షిక పెట్టి, ఈ సవరణ కాపీ జతచేయండి. గే, లెస్బియన్ వ్యక్తులు వస్తారన్నది లోపల స్పష్టంగా రాయండి. దాచి చేస్తే, ఒక్క తల్లో తండ్రో వచ్చి గొడవ చేసిన రోజున ప్రిన్సిపాల్ మీకు అండగా నిలబడలేరు.

పిల్లలకు చట్టం ఉన్నదున్నట్టు చెప్పండి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వయోజనుల మధ్య ఇష్టపూర్వక సంబంధాన్ని, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ 377వ సెక్షన్ నుంచి తప్పించింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. పెళ్లికి మాత్రం గుర్తింపు లేదు. హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ వేసిన కేసులో 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు అది ఇవ్వలేదు. ‘మన సంస్కృతి కాదు’ అంటే, 377 రాసింది 1860లో బ్రిటిష్ పాలకులని చెప్పి ముందుకెళ్లండి. పురాణాల వాదనలోకి దిగితే మిగిలిన గంటంతా అక్కడే పోతుంది.

‘పెద్దవాళ్లు మారతారా’ అని అడిగితే మద్రాసు హైకోర్టు ఉదాహరణ ఉంది. ఇంటి నుంచి వచ్చేసిన ఇద్దరు యువతులు రక్షణ కోరిన కేసులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తనకూ ముందస్తు అభిప్రాయాలున్నాయని ఒప్పుకుని, మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నాకే 2021 జూన్ 7న ఉత్తర్వులిచ్చారు. ఆ సంగతంతా ఆ ఉత్తర్వుల్లోనే రాశారు.

డిగ్రీ_లెక్చరర్:
అందరికీ ధన్యవాదాలండీ. ఒక్క సందేహం. అతిథుల్ని వెతకడం ఎందుకు, మా క్లాసులోనే ఒక అబ్బాయి తన గురించి తానే చెబుతానంటున్నాడు. చెప్పనివ్వమంటారా?

హాస్టల్_కౌన్సెలర్:
ఈ ఏడు వద్దండీ. అతిథి సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతారు, ఆ అబ్బాయి అదే హాస్టల్లో, అదే స్నానాల గదుల దగ్గర ఇంకా ఏడాదిన్నర గడపాలి. క్లాసులో చెప్పింది వారంలో ఇంటికి చేరుతుంది. అతని ధైర్యాన్ని తక్కువ చేయకుండా నాలుగు విషయాలు అడగండి: ఇంట్లో తెలుసా, తెలిస్తే ఫీజు ఆగుతుందా, ఆగితే ఎక్కడుంటాడు, క్లాసులో అతని పక్షాన నిలబడే ఇద్దరి పేర్లు చెప్పగలడా. అన్నిటికీ జవాబున్నా మొదటి కార్యక్రమం అయ్యి మూడు నెలలు గడిచాకే. ఈలోగా హాస్టల్లో ఆ వెక్కిరింపు మాటలు తగ్గాయో లేదో మీకే తెలుస్తుంది. తగ్గకపోతే అప్పుడూ వద్దు. ప్రస్తుతానికి అతనికి పని కావాలంటే చీటీల్లోని ప్రశ్నలు టైపు చేశాక ఒకసారి చూపించండి. పిల్లలు నిజంగా తెలుసుకోవాలని అడిగినవేవో, గుచ్చడానికి రాసినవేవో మీకంటే అతనికే బాగా తెలుస్తుంది.